కరువును గెలిచినవి, కలిమికి ఓడుతున్నవి
(సురవరం ప్రతాపరెడ్డి స్మారకోపన్యాసం)



ప్రతాపరెడ్డి గారి పేరు మీద జరిగే సభలో సాహిత్యం గురించో, పత్రికల గురించో మాట్లాడటం రివాజు. నేను చెట్టూచేమా, పశువూ పక్షీ గురించి మాట్లాడతానన్నాను. నిర్వాహకులు సంతోషంగా ఒప్పుకున్నారు. వారికి కృతజ్ఞుణ్ణి. ఇది ఆయన దారి తప్పిన విషయం కాదని నా నమ్మకం. 1896 మే 28న పుట్టిన ఈ నడిగడ్డ బిడ్డ, ఇటిక్యాలపాడు స్వగ్రామంగా గల మనిషి, 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు వెళ్లిన ప్రజాప్రతినిధి, చరిత్ర అంటే రాజుల యుద్ధాలు మాత్రమే కాదని మనకు నేర్పాడు. జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ పండుగ ఎట్లా చేసుకున్నారు అని వెతికి వెతికి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశాడు. జనం తిన్న జొన్నకు, కప్పుకున్న గొంగడికి, దున్నిన ఎద్దుకు కూడా ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర ఇప్పుడు ఏ మలుపులో ఉందో చెప్పడమే ఇవాళ నా పని.

పాలమూరు అనగానే కరువు, వలస. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా మట్టి మోసింది మన వాళ్లే. అందులోనూ నడిగడ్డ, అంటే కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల ప్రాంతం, రాష్ట్రంలో అతి తక్కువ వాన పడే చోట్లలో ఒకటి. రెండు నదుల మధ్య ఉండి దప్పికతో బతికిన నేల ఇది. మనుషులు మూట కట్టుకొని బొంబాయికో పూనాకో పోయారు. చెట్టు ఎక్కడికి పోతుంది? గడ్డి ఎక్కడికి పోతుంది? ఉన్నచోటనే ఉండి బతకడం ఎట్లాగో అవి వేల ఏండ్లుగా నేర్చుకున్నాయి.

ఏప్రిల్‌లో నల్లమల అడవిలో మన్ననూరు దాటి ఫరహాబాదు వైపు వెళ్లి చూడండి. అడవి చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. టేకు, చిరుమాను, నల్లమద్ది, అందుగు అన్నీ ఆకు రాల్చి నిలబడి ఉంటాయి. ఆకు ఉంటే నీరు ఆవిరైపోతుంది. ఆకును వదులుకుంటే ప్రాణం నిలుస్తుంది. తపసి చెట్టు దగ్గరికి వెళ్లి కాండం మీద చెయ్యి పెట్టి చూడండి. తెల్లగా, నున్నగా, పలుచని కాగితంలా పొరలు పొరలుగా ఊడివచ్చే బెరడు. ఒక్క ఆకు లేని కాలంలోనే అది పూస్తుంది. గాటు పెడితే కారే దాని జిగురు నీటిని పీల్చుకొని ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఆ జిగురును చెంచులు సేకరిస్తారు, గిరిజన సహకార సంస్థ కొంటుంది. తునికి మొక్కను నరికినా, మంటలో కాలిపోయినా వేరులోంచి మళ్లీ పిలక వేస్తుంది. మొదటి జల్లు పడిన వారానికి అదే అడవికి వస్తే గుర్తుపట్టలేరు.

నదిలోని జీవులదీ అదే తెలివి. జూరాల ఆనకట్ట కింద, వనపర్తి వైపు చెరువుల్లో మొసళ్లు కనబడుతున్నాయని, పొలాల్లోకి వచ్చాయని తరచూ వార్తలు చూస్తున్నాం. మొసలికి నీళ్లు తగ్గితే గట్టులో బొరియ తవ్వుకొని అందులో పడి ఉంటుంది. బొత్తిగా ఎండిపోతే రాత్రిపూట నడిచి మరో మడుగు వెతుక్కుంటుంది. ఇట్లాంటి మొండి జీవి కూడా ఒకచోట చాలా సున్నితం. ఆడమొసలి ఎండాకాలం మొదట్లో గట్టు మీద గుంత తవ్వి గుడ్లు పెట్టి కప్పేస్తుంది. గుడ్డులోని పిల్ల ఆడదా మగదా అన్నది గుంతలోని వేడిని బట్టి తేలుతుంది. మద్రాసు మొసళ్ల పార్కులో 1980లలో జరిగిన పరిశోధనలో 31 డిగ్రీల వరకు పొదిగిన గుడ్లన్నీ ఆడపిల్లలయ్యాయి. 32.5 డిగ్రీల దగ్గర మగపిల్లలయ్యాయి. తేడా ఒకటిన్నర డిగ్రీ. భూమి వేడి ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే ఏమవుతుందిలే అని అనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నీడ ఉన్న చోటో, లోతైన గుంతో వెతుక్కొని తల్లిమొసలి సర్దుకోగలదు. కాని సర్దుకోవడానికి గట్టు మిగిలి ఉండాలి. ఇసుక తీసేసిన ఒడ్డు మీద ఏ తల్లీ గుంత తవ్వలేదు.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. అమ్రాబాద్, పదర, లింగాల మండలాల్లో తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలతో ఉండే ఆవులున్నాయి. పొడ తూర్పు పశువులంటాం. 2020లో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల బ్యూరో వీటిని ప్రత్యేక జాతిగా గుర్తించింది. నల్లమల అంచు తండాల్లో, చెంచు పెంటల్లో, గొల్లవాళ్ల ఇళ్లల్లో పెరిగిన పశువులివి. పాలు ఎక్కువ ఇవ్వవు. కాని రాళ్లలో నడిచినా గిట్ట అరగదు. మండుటెండలో అరక ఆగదు. అడవిలో దొరికిన ఆకు, అలం తిని తిరిగి వస్తాయి. కోడెలను కురుమూర్తి జాతరలో అమ్ముతారు. ఎండాకాలం మంద తోలి పొలంలో నిలిపితే ఆ పేడతో ఏడాది పంట పండేది. ఏ శాస్త్రవేత్తా ప్రయోగశాలలో కూర్చొని ఈ జాతిని తయారు చేయలేదు. తాతలు, ముత్తాతలు కోడెను ఎంచుకున్నారు. మిగతా ఎంపిక అంతా ఎండ, రాయి, పులి చేశాయి.

మన నల్ల గొర్రెదీ ఇదే కథ. దక్కనీ గొర్రె బొచ్చు గరుకు, రంగు నలుపు, మాంసం కొంచెం తక్కువ. కాని ఎన్ని ఆమడలైనా నడుస్తుంది, మొండి గడ్డి మీద బతుకుతుంది, చలికీ వానకీ తన గొంగడి తానే కప్పుకొని ఉంటుంది. గొంగళ్లకు గిరాకీ పోయింది. 2017లో మొదలైన పంపిణీ పథకంలో పొరుగు రాష్ట్రాల నుంచి గొర్రెలు లారీల్లో వచ్చాయి. అందులో నెల్లూరు జాతివి పెద్ద ఎత్తున ఉన్నాయి. కుటుంబాలకు ఆదాయం రావాలన్న ఉద్దేశంలో తప్పులేదు. నా బాధ ఒకటే. ఈ నేలలో ఈడేరిన జాతిని లెక్కలోకే తీసుకోలేదు. పొట్టేలు మారితే మూడు నాలుగు ఈతల్లో మంద మారిపోతుంది. పోయిన నెత్తురు మళ్లీ తిరిగి రాదు.

మీరు అడగవచ్చు: ప్రకృతిలో మార్పు సహజం కదా, జీవులు మారిన కాలానికి తగ్గట్టు తామూ మారతాయి కదా, ఇంత దిగులెందుకు?

మారతాయి. ఎట్లా మారతాయో చూడాలి. పసిఫిక్ సముద్రంలోని గాలాపాగోస్ దీవుల్లో డాఫ్నే మేజర్ అనే చిన్న లంక ఉంది. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు అక్కడ ఫించ్ పిట్టల ముక్కులు కొలుస్తూ ఏండ్ల తరబడి ఉన్నారు. 1977లో అక్కడ వానలు లేవు. చిన్న గింజలు అయిపోయి, గట్టి గింజలు మిగిలాయి. ఆ గింజ పగలగొట్టగల పెద్ద ముక్కు పిట్టలు బతికాయి. తరువాతి తరం పిట్టల ముక్కులు సగటున పెద్దవయ్యాయి. కళ్ల ముందే జాతి మారింది. పాఠ్యపుస్తకంలో ఇంతవరకే రాస్తారు. వెయ్యికి పైగా ఉన్న పిట్టలు ఆ ఒక్క కరువులో రెండు వందల లోపుకు పడిపోయాయన్న సంగతి కూడా పక్కనే రాయాలి. జాతి మారడం అంటే ఉన్న పిట్టలన్నీ ముక్కు పెంచుకోవడం కాదు. మారలేని పిట్టలు చచ్చిపోవడం, ముందు నుంచే కొంచెం వేరుగా ఉన్నవి మిగలడం. అంటే మార్పుకు మూడు కావాలి: మందలో వైవిధ్యం, చాలినంత కాలం, తలదాచుకొనే చోటు. ఈ మూడూ ఎవరికి దక్కుతున్నాయి, ఎవరికి దక్కడం లేదు అన్నదే అసలు ప్రశ్న.

దక్కినవాటిలో మొదటిది గద్వాల రైతుకు బాగా తెలిసిన ప్రాణి. గులాబీ రంగు పురుగు.

దేశంలో హైబ్రిడ్ పత్తి విత్తనం పెద్ద ఎత్తున పండేది ఈ నడిగడ్డలో. సాయంత్రం మొగ్గ చిదిమి, మరునాడు పొద్దున మగచెట్టు పుప్పొడిని ఒక్కొక్క పువ్వుకూ చేత్తో అద్దే ఆ పని ఎంత కష్టమో ఇక్కడున్న ఆడవాళ్లకు తెలుసు. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. రెండు జన్యువుల పత్తి 2006లో వచ్చింది. కాయతొలుచు పురుగులు తింటే చచ్చే విషాన్ని చెట్టే తయారు చేసుకుంటుంది. కొన్నేండ్లు మందు కొట్టే ఖర్చు తగ్గింది. ఆ సంగతి ఒప్పుకోవాలి. ఆ తరువాత 2010లో గుజరాత్‌లోని కొన్ని జిల్లాల్లో మొదటి రకం పత్తి మీద గులాబీ పురుగు చావడం లేదని విత్తన కంపెనీయే ప్రకటించింది. మరో ఐదారేండ్లకు రెండో రకాన్నీ అది జయించింది. మన చేలల్లో కాయ మీద చూస్తే రంధ్రం కనపడదు. పువ్వు రేకులు విచ్చుకోకుండా ముడుచుకొని గుడ్డిపూలు అవుతాయి. లోపల పురుగు గింజ నుంచి గింజకు పాకి, దూది గుడ్డిగా, రంగు మారి ఉంటుంది. కాయ పగిలిన తరువాతనే రైతుకు నష్టం తెలుస్తుంది.

ఆ పురుగుకు ఇంత చురుకు ఎక్కడిది? దాని ఒక తరం సుమారు నెల. పత్తిని జనవరి, ఫిబ్రవరి దాకా చేనులో ఉంచితే దానికి అదనంగా మరో రెండు తరాలు దొరుకుతాయి. తినేది దాదాపు పత్తి ఒక్కటే. ఊరంతా ఒకే పత్తి, ఒకే విషం. ఆ విషాన్ని తట్టుకోగల పురుగు లక్షలో ఒకటి ఉన్నా దానికి పోటీ లేదు. ఇది జరుగుతుందని శాస్త్రజ్ఞులకు ముందే తెలుసు. అందుకే బీటీ ప్యాకెట్‌తో పాటు బీటీ లేని గింజల చిన్న ప్యాకెట్ ఇచ్చి, చుట్టూ ఐదు వరుసలు వేయమన్నారు. ఆ వరుసల్లో మామూలు పురుగులు బతికి, మొండి పురుగులతో జత కట్టి, మొండితనాన్ని పలచన చేస్తాయి. ఎకరంలో ఐదు వరుసలు పురుగుకు వదిలే ఓపిక మన రైతుకు లేదు. ఉండేలా చెప్పినవారూ లేరు. అమెరికాలో ఆ ఆశ్రయపు వరుసలు వేసి, ఆ తరువాత గొడ్డు చేసిన రెక్కల పురుగులను కోట్ల సంఖ్యలో వదిలి, 2018లో తమ పత్తి ప్రాంతాల్లో గులాబీ పురుగు లేదని ప్రకటించుకున్నారు. పురుగు అదే, పత్తి అదే. శత్రువుకు కూడా కొంత చోటు వదిలిన దేశం గెలిచింది.

కోతులు, అడవిపందులు, నెమళ్లు కూడా ఈ గెలిచిన గుంపులోనివే. ఏది దొరికినా తినేవి, ఎక్కడైనా ఉండేవి, త్వరగా పిల్లలు పెట్టేవి మనతో సర్దుకున్నాయి. వేరుశనగ చేనుకు రాత్రంతా కాపలా కాసే వనపర్తి రైతుకు జీవవైవిధ్యం అన్న మాట వింటే కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైనది. అతని నష్టానికి పరిహారం సకాలంలో ఇవ్వకుండా వన్యప్రాణి సంరక్షణ గురించి ఉపన్యాసాలు చెప్పే హక్కు ఎవరికీ లేదు, నాకు కూడా.

ఇక ఓడినవాటి సంగతి. అలంపురం నుంచి తుంగభద్ర దాటి నందికొట్కూరు వైపు వెళితే రోళ్లపాడు. అక్కడి గడ్డిభూముల్లో బట్టమేక పిట్ట ఉండేది. మీటరు ఎత్తు, గొర్రెపిల్లంత బరువు, ఎగరగల పక్షుల్లో అతి బరువైన వాటిలో ఒకటి. దాని కోసమే 1988లో అభయారణ్యం ప్రకటించారు. ఆ పిట్ట సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది, అదీ నేల మీద. మిడతలు, పురుగులు, గింజలు తింటుంది. మెట్ట జొన్న, కొర్ర, బీళ్లు, మేత భూములు ఉన్నంతకాలం మనిషి పక్కనే హాయిగా బతికింది. కరువు దానికి ఎన్నడూ శత్రువు కాలేదు. కాలువ నీళ్లు వచ్చాక బీళ్లు పోయాయి, మెట్ట పంటలు పోయాయి, పురుగుమందు వచ్చింది, కరెంటు తీగలు వచ్చాయి. కంచె లోపల గడ్డిని కాపాడితే కృష్ణజింకలు పెరిగాయి కాని, బట్టమేక పిట్ట వెళ్లిపోయింది. దేశం మొత్తం మీద ఇప్పుడు అవి చాలా కొద్దిగానే మిగిలాయి, ఎక్కువభాగం రాజస్థాన్‌లో. నెలకో తరం గల పురుగుకు ఇరవై ఏండ్లంటే వందకు పైగా తరాలు. ఏడాదికో గుడ్డు పెట్టే పిట్టకు ఇరవై ఏండ్లంటే ఒకటి రెండు తరాలు. ఇద్దరినీ ఒకే పరుగు పందెంలో నిలబెట్టాం.

రాబందులు ఇంతకన్నా వేగంగా పోయాయి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు, చచ్చిన పశువు కళేబరంలోంచి వాటి కడుపులోకి వెళ్లి మూత్రపిండాలను దెబ్బతీసింది. ఆ కారణం 2004లో బయటపడింది, 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. అప్పటికే తెల్లవీపు రాబందులు 1990ల మొదట్లో ఉన్నవాటిలో వెయ్యింటికి ఒకటి చొప్పున మిగిలాయి. చావునే తిని జీర్ణం చేసుకోగల కడుపు వాటిది. ఆ కడుపు కూడా మన మందు షాపు ముందు నిలవలేకపోయింది.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడికి వచ్చింది. ఈ నేల జీవులు కరువుకు ఓడిపోవడం లేదు. కరువును అవి ఎప్పుడో గెలిచాయి. మన కలిమి వచ్చిన తీరుకు, దాని వేగానికి ఓడిపోతున్నాయి. శ్రీశైలం, జూరాల ఆనకట్టలు, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలు వచ్చాయి. రావలసిందే. నీళ్లు వద్దనే మనిషిని పాలమూరు క్షమించదు, క్షమించకూడదు. కాని నీళ్లు వచ్చినంత మాత్రాన ప్రతి బీడూ దున్నాలని, ప్రతి గట్టూ చదును చేయాలని, ఊరంతా ఒకే విత్తనం వేయాలని ఎవరు చెప్పారు? పాలెం వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి తక్కువ కాలంలో పండే కంది రకాలు, ఆముదం రకాలు వచ్చాయి. అవి రావడానికి కారణం మెట్ట పంటల పాత విత్తనాల్లో ఆ లక్షణాలు ఇంకా మిగిలి ఉండటమే. రేపు నదిలో నీళ్లు తగ్గిన ఏడాది, ఎండ 46 డిగ్రీలు దాటిన ఏడాది మనకు పొడ తూర్పు గిట్ట కావాలి, నల్ల గొర్రె ఓపిక కావాలి, కొర్ర వేరు కావాలి. అప్పుడు వెతికితే దొరకవు.

2021లో వేపచెట్లు ఎండిపోయినప్పుడు మనమంతా భయపడ్డాం. కొమ్మల చివర్లు ముందు గోధుమరంగుకు తిరిగి, ఆ ఎండు కిందికి పాకింది. శిలీంధ్రం వల్ల వచ్చిన తెగులు అని శాస్త్రవేత్తలు చెప్పారు. చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి. అన్నీ ఒక్కతీరుగా ఎండలేదు, ఒక్కతీరుగా చిగిర్చలేదు. గింజ నుంచి పుట్టిన చెట్లు గనుక ఒకదానికొకటి వేరు. అన్నీ ఒకే నర్సరీ అంటు అయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

చెయ్యదగ్గ పనులు జరిగిన చోట ఫలితం కూడా ఉంది. కుందేలంత ఉండే మూషిక జింక మన అడవుల్లో అరుదైపోయింది. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనా సంస్థకు చెందిన లాకోన్స్ విభాగం, జంతుప్రదర్శనశాల, అటవీశాఖ కలిసి 2010 నుంచి వాటిని పెంచి, 2017లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. ముందు కంచె వేసిన ఆవరణలో కొంతకాలం ఉంచి, అడవి మేతకు అలవాటు పడ్డాక తలుపు తీశారు. అదే అమ్రాబాద్‌లో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు చెంచులు, రైతులు, విద్యార్థులు, రచయితలు ఒక్కటై నిలబడ్డారు. 2019 సెప్టెంబరులో శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. మనుషులు అడ్డం నిలబడితే అడవి నిలుస్తుందనడానికి మన జిల్లాలోనే సాక్ష్యం ఉంది. అందుకే చెంచులను అడవి బయటికి తేవడమే సంరక్షణ అనే ఆలోచనను నేను ఒప్పుకోను. ఏ గడ్డ ఏ నెలలో తవ్వాలో, ఏ తేనెపట్టును ఈసారికి వదలాలో తెలిసిన మనుషులు అడవికి బరువు కాదు.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకరు రాసినప్పుడు ప్రతాపరెడ్డి గారు వాదనకు దిగలేదు. ఊరూరి నుంచి వివరాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి చూపించారు. మనం ఇప్పుడు చేయవలసిందీ అదే. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామపంచాయతీకి జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టడంతో దేశమంతటా హడావుడిగా కాగితాలు తయారయ్యాయి. మీ పంచాయతీ రిజిస్టర్ ఎక్కడుందో అడగండి. తెరిచి చూడండి. అందులో మీ ఊరి నల్ల గొర్రెల మందలు ఎన్ని, పొడ ఆవులు ఎవరింట ఉన్నాయి, కొర్ర విత్తనం ఏ అవ్వ దగ్గర దాచి ఉంది, ఏ బీడులో ఏ పిట్ట గుడ్లు పెడుతుంది, మొసలి ఏ మడుగులో ఉంది అన్నది లేకపోతే మీరే రాయించండి. గ్రామసభలో చదివి వినిపించండి.

ఉపాధ్యాయులను ప్రత్యేకంగా కోరుతున్నాను. ఒక్కో తరగతికి ఒక్కో చెరువుగట్టు, ఒక్కో బీడు అప్పగించండి. వేప ఎప్పుడు పూసింది, మోదుగ ఎప్పుడు పూసింది, ఏ పిట్ట ఎప్పుడు వచ్చింది పిల్లలతో తేదీ వేసి రాయించండి. ఊరి బీడును పడావు భూమి అని రాసి మొక్కలు నాటే పథకానికి ఇచ్చేముందు, అందులో ఏం బతుకుతోందో ఒక్క ఏడాది చూడమని పంచాయతీని అడగండి. గద్వాల పత్తి రైతు సోదరులారా, ఈ వానాకాలం చేను చుట్టూ బీటీ లేని పత్తికి కొంత చోటు వదలండి. డిసెంబరు నాటికి పత్తి కట్టె పీకేయండి.